ఈశాన్యం మూల

గంగామణి చేనులో అడుగుపెట్టే ముందు గట్టు మీదే చెప్పులు విడుస్తుంది. వంగి అరచేయి నేలకు ఆనించి, "తల్లీ, కాలు పెడుతున్న" అంటుంది. ఆ తర్వాత ఉత్తకాళ్లతో చేనంతా ఒకసారి తిరుగుతుంది. చిటికెడు మన్ను తీసి వాసన చూస్తుంది. తెచ్చుకున్న జొన్నరొట్టెలోంచి తొలి తుంపు మట్టిలో పెట్టాకే తాను తింటుంది.

ఇది ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కాదు. ఆర్మూర్‌లో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే మిల్లులో ఆరేళ్లు పనిచేసింది. కాళ్ల కింద సిమెంటు గచ్చు, చెవుల్లో యంత్రాల హోరు, ముక్కులో పసుపు దుమ్ము. ఆయాసం పట్టుకుని పని మానేశాక కూడా కంటికి కునుకు రాలేదు. అప్పుడు తల్లి నీలవ్వ ఒక మాట చెప్పింది. "భూమిని తొక్కుడే గని తాకుడు మరిచినవ్ బిడ్డా. కాలు పెట్టే ముందు చెయ్యి పెట్టు."

నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. రెండేళ్లు గడిచేసరికి ఏ సాలులో తడి ఎక్కువో, ఎక్కడ చీమలు పుట్ట పెడుతున్నాయో అరికాళ్లే చెప్పసాగాయి. భర్త లింబాద్రి నవ్వేవాడు. "నీ కాళ్లకు చెవులున్నయా ఏందే?"

మాఘమాసంలో పసుపు ఆకు కోసి, తవ్వకం కోసం చేనుకు తడి పెట్టారు. మర్నాడు ఊరి దారిని ఆనుకున్న ఈశాన్యం మూలకు వచ్చేసరికి గంగామణి కాలు ఆగిపోయింది. పెట్టిన నీళ్లన్నీ అక్కడ ఎటు పోయాయో తెలియదు. చుట్టూ బురద, ఆ మూల మాత్రం పొడి. నేల చల్లగా లేదు. నులివెచ్చగా ఉంది. మడమ ఆనిస్తే చప్పుడు కిందికి, ఇంకా కిందికి పోయింది. మన్ను వాసన చూస్తే మురిగిన చొప్ప కంపు.

రెండో రోజు తడి చేనంతా కొంగలు వాలాయి. ఆ మూలన ఒక్కటీ వాలలేదు. మూడో రోజు అక్కడ దారప్పోగంత పగులు కనిపించింది. వంకర తిరిగి, గుండ్రంగా.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్న భర్తతో చెప్పింది. "గా మూల నేల మంచిగ లేదు. లోపల బోలుగ కొడుతంది. మన పాత బాయి ఉన్నది గక్కడనే గదా?"

కంచంలో లింబాద్రి చేయి ఒక్క క్షణం ఆగింది.

"బాయి పూడ్చి ఐదేండ్లాయె. నువ్వు మిల్లుకు పోయే రోజులల్ల, బండలేసి పూడ్చిన. జర సప్పుడు చెయ్యక తిను."

మర్నాడు పొద్దున్నే కాశీరాం ట్రాక్టరు తెచ్చాడు. పసుపు ఏరడానికి రత్నవ్వ ఎనిమిది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. గంగామణి పోయి ఆ మూలకు అడ్డంగా కూర్చుంది.

"ఇక్కడ బండి తిప్పకు కాశీరాం. రత్నవ్వక్కా, మీరెవలు ఇటు రాకుండ్రి."

కాశీరాం ఇంజిను ఆపాడు. "ఏమైంది వదినా?"

లింబాద్రి మొహం కందగడ్డ అయింది. "పది మంది ముందల నా ఇజ్జత్ తీస్తున్నవ్. లే!"

ఆమె లేవలేదు. అతను ఆమెను దాటుకుని మూలకు నడిచాడు. "సూడుండ్రి, ఏమున్నదిక్కడ!" అంటూ కాలు ఎత్తి నేలను తన్నాడు. మళ్లీ తన్నాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎవరో నిట్టూర్చినట్టు నేల కిందికి జారింది. లింబాద్రి నడుము దాకా దిగబడ్డాడు. అతని మొహంలో భయముంది, ఆశ్చర్యం మాత్రం లేదు. గంగామణి దాన్నే చూసింది.

"బండలు కావు! మక్క చొప్ప ఏసిన!" అని అరిచాడు.

కాశీరాం తాడు తెచ్చాడు. గంగామణి బోర్లా పడుకుని పాక్కుంటూ పోయి తాడు కొనను అతని చంకల కింద నుంచి కట్టింది. ఆడవాళ్లంతా ఆమె కాళ్లు పట్టుకున్నారు, కాశీరాం తాడు గుంజాడు. ఇద్దరూ గట్టుకు చేరీచేరగానే ఆ మూల మొత్తం లోపలికి కూలింది. లింబాద్రి కాలు రెండు చోట్ల విరిగింది.

నిజామాబాద్ దవాఖానలో, కట్టు కట్టాక, అతనే చెప్పాడు. "బండలకోసం ఎవలు తిరగాలె అనుకున్న. మక్క చొప్ప నింపి మీద చెరువు మట్టి పోసిన."

"నిన్న నేను చెప్పినప్పుడు నీకు ఎరుకే గదా? ఎరుకుండి గూడ రత్నవ్వోల్లను పసుపు ఏరనీకి గక్కడనే కూసోబెడుదువా?"

అతను గోడవైపు తిరిగాడు. ఆమెకు ఆ గుంతకంటే మంచం మీది మనిషంటేనే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం కాశీరాం ఫోన్ చేశాడు. "వదినా, గుంత ఇంకో రెండు సాళ్లు మింగింది. ఊరి తొవ్వ దిక్కు పోతున్నది."

గంగామణి భర్త మొహం మీదికి వంగింది. "తొవ్వ దిక్కు ఏమున్నది?"

"మా నాయిన కాలంల నీళ్ల కోసం బాయి లోపల్నుంచి తొవ్వ కిందికి గుహ లెక్క తవ్విండ్రు. అది పూడ్చనే లేదు."

ఆమె ఫోనులో అరిచింది. "కాశీరాం, తొవ్వకు రెండు దిక్కుల ముండ్లకంప ఎయ్యి! బడి పోరగాండ్లు వచ్చే టైమైంది. ఎవలనూ నడవనియ్యకు!"

సాయంత్రం నాలుగు దాటాక ఊరి దారి ఇరవై గజాల పొడవున కుంగిపోయింది. కంప అవతల బడిపిల్లలు పుస్తకాల సంచులతో నిలబడి చూశారట. రత్నవ్వ ఫోన్ చేసి చెబుతూ ఏడ్చింది.

పిల్లలకేమైందో లింబాద్రి అడుగుతాడని గంగామణి ఎదురుచూసింది. దీపాలు పెట్టే వేళైంది. నర్సు వచ్చి గోలీలిచ్చి పోయింది. అతను నీళ్లడిగాడు, దిండు సరిచేయమన్నాడు.

ఆ మాట మాత్రం అడగలేదు.