ఇల్లరికపు గ్యాసు

మామగారు ఆ మాట ఎగతాళిగా అన్నారా, ముద్దుగా అన్నారా? మూడు రోజులుగా అల్లుడు అదే నెమరువేస్తున్నాడు. ఇంకిపోయిందనుకున్న చమురుబావిలోకి బొగ్గుపులుసు వాయువును పంపుతో ఎక్కించడం అతని పని. ఒకప్పుడు ఆ బావిని తవ్వించింది మామగారే.

"మీ గ్యాసు అచ్చం ఇల్లరికపుటల్లుడయ్యా," అన్నారాయన ఆ రోజు అన్నాల దగ్గర. "రాళ్ళకి అంటుకున్న నూనెని పైకి పంపి, తను కిందే ఉండిపోతుంది."

"అంతా ఉండదు మామయ్యగారూ. కొంత నూనెతో పాటే పైకొస్తుంది. దాన్ని పట్టి మళ్ళీ లోపలికి పంపిస్తాం."

"అంటే, అలిగెళ్ళినవాణ్ణి బతిమాలి తెచ్చుకున్నట్టు."

నవ్వాపుకోలేక భార్యకు పొలమారింది. అతను మాత్రం నవ్వలేకపోయాడు. ఆరేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్నా అతని బట్టలు మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి, ఎవరైనా పొమ్మంటే వెంటనే బయల్దేరడానికి వీలుగా. ఎవరూ పొమ్మనలేదు.

ఇవాళ మామగారు బావి దగ్గరికి వచ్చారు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి, లోపలి అదురును చాలాసేపు గమనించారు.

"నాకు తియ్యడమే తెలుసు. దాచడం నువ్వు నేర్చావు," అన్నారు. ఆయన చూపు గొట్టం మీదే ఉంది. "ఇంతకీ, వెళ్ళిపోడుగా?"

గ్యాసైతే 'వెళ్ళిపోదుగా' అనాలి. ఆయన నోరు జారారో, కావాలనే అన్నారో. అల్లుడు సరిదిద్దబోయి మానేశాడు.

"పోడు మామయ్యగారూ," అన్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అతను మంచం కింది పెట్టెను బయటికి లాగి, చొక్కాలన్నీ ఒక్కొక్కటిగా భార్య బీరువాలో సర్దాడు.