అత్తగారి బయాప్సీ

"కాఫీ పెట్టు, అన్నతో మాట్లాడల్ల" అన్నాడు మా ఆయన చేతన్, వాళ్లమ్మ బయాప్సీ రిపోర్టు టీపాయ్ మీద పెడుతూ. కడుపు లోపలి పొరలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. కీమో ఎప్పుడు మొదలుపెట్టించాలో అతనూ, మా బావగారు హేమంత్‌కుమారూ హాల్లో మాట్లాడుకుంటున్నారు. నేను వంటింట్లో పాలు పొంగకుండా చూస్తూ వింటున్నాను. రిపోర్టు నా చేతికి ఎవరూ ఇవ్వలేదు.

మహదేవపుర ల్యాబ్‌లో ఎనిమిదేళ్లు మైక్రోస్కోపు కింద నేను చూసింది ఆ పొరనే. అక్కడి కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లుంటాయి, ఆ మాటను అందుకునే రిసెప్టర్లు కణాల మీద ఉంటాయి. కడుపులో పుండు మానేది వాటివల్లే. కొందరి క్యాన్సర్‌లో మాత్రం హెర్-2 అనే రిసెప్టర్ మితిమీరి ఉంటుంది. అలాంటివాళ్లకు కీమోతో కలిపి ఇచ్చే మందు వేరే ఉంది.

రెండేళ్ల క్రితం అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి. "ఎవురో ఒకరు ఇంట్లో ఉండల్ల కదా" అన్నాడు చేతన్. ఆ ఎవరో నేనేనని విడిగా చెప్పాల్సిన పని పడలేదు. ల్యాబ్ మానేశాను. తర్వాత బంధువుల దగ్గర "హరిణి ఖాళీనే" అనేవాడు. మొదట్లో గుచ్చుకునేది. పోనుపోను వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.

కాఫీలు అందించి, "హెర్-2 పరీక్ష చేశారా?" అని అడిగాను.

"అంతా డాక్టర్‌కి తెలీదా? నువ్వు కన్ఫ్యూజ్ చెయ్యద్దు" అన్నాడు చేతన్.

"బయాప్సీ ముక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. మళ్లీ కడుపులోకి గొట్టం వెయ్యక్కర్లేదు."

"ఇప్పుడు దానికంతా టైమ్ లేదమ్మా" అన్నారు బావగారు.

అత్తగారు గోడ పట్టుకుని గదిలోంచి వచ్చారు. నా ఉద్యోగాన్ని గాజుముక్కలు తుడిచే పనని వెక్కిరించిన మనిషి.

"కడుపు నాది గదప్పా. ఆ యమ్మ అదే చదివి ఉండాది. చెప్పనీ."

నేను కూర్చుని రిపోర్టు చదివాను. అత్తగారికి అర్థమయ్యేలా అన్నీ చెప్పాను. మర్నాడు ఆ ముక్కను పరీక్షకు పంపించారు.

వారం తర్వాత, మధ్యాహ్నం, డాక్టర్ గదిలో తెలిసింది. హెర్-2 మితిమీరి లేదు. ఆ మందు పనికిరాదు. ఆవిడ కోసమే కాదు, నా మాట నెగ్గాలని కూడా ఆశపడ్డానని అప్పుడే తెలిసింది నాకు.

"ఇంత చేసి ఏమొచ్చె?" అన్నాడు చేతన్, బయటికి రాగానే.

"లేదని తెలిసింది గదా" అన్నారు అత్తగారు. "తెలుసుకోవాల్సింది నేను."

చేతన్ కీమో తేదీల కాగితం నాకు చాపాడు. "మూడు వారాలకొకసారంట. నువ్వుండావు గదా, చూసుకో."

"మొదటిదానికి నువ్వు తీసుకురా. రెండోదానికి బావగారు. మూడోదానికి నేను సెలవు పెడతాను."

"సెలవా?"

"సోమవారం ల్యాబ్‌లో చేరుతున్నాను. పొద్దున రిపోర్టు రాకముందే అక్కడి మా పాత బాస్ ఫాతిమాకు ఫోన్ చేసి చెప్పేశాను."