నాలుగు చేతుల పడవ

మా పడవకి నాలుగు చేతులు కావాలి. ఏడాదికి పైగా రెండు చేతులతో వెళ్ళి వచ్చాక తెలుసుకున్న సంగతి ఇది.

చిన్న తెడ్ల పడవ మాది. ఇద్దరు కూర్చుంటే నిండుతుంది, ఒక్కరే కూర్చుంటే బోసిపోతుంది. ఆదివారం ఉదయం ఊరి చివరి పెద్ద చెరువులో ఇలాంటి పడవలు చాలా తిరుగుతాయి. వాటిలో ఉండేవాళ్ళంతా వారమంతా పెద్దమనుషులే. ఆ ఒక్క పూట మాత్రం బకెట్లు, మగ్గులు పట్టుకుని ఒకరినొకరు తడిపి ముద్ద చేసుకుంటారు. ఎందుకని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు.

మా ఆయన రైల్వే స్టేషన్లో టికెట్ల గుమాస్తా. కిటికీ వెనక కూర్చుని, అడిగిందే అడిగేవాళ్ళకి కూడా "చెప్పండి" అంటూ విసుక్కోకుండా జవాబిచ్చే మనిషి. పడవెక్కితే మాత్రం దారిదోపిడీ దొంగ. ప్లాస్టిక్ గొట్టంతో తనే ఒక పిచికారీ చేసుకున్నారు. దాన్ని రెండు చేతులతో లాగి, రెండు చేతులతో నెట్టాలి. అందుకని ఆయన వెనక బల్ల మీద, నేను తెడ్ల దగ్గర. తెడ్లు వేసేవాళ్ళు పడవ వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చుంటారు కదా, కాబట్టి నాకెప్పుడూ ఆయన మొహమే కనిపించేది. "కుడికి తిప్పు. నీ కుడి కాదు, నా కుడి" అని ప్రతి ఆదివారం గొంతు చించుకునేవారు. ఆ కుడుల గొడవ మా కాపురమంత పాతది.

మా అసలు శత్రువులు పళ్ళ డాక్టరు, ఆయన భార్య. ఆయన వారమంతా అందరి నోళ్ళూ తెరిపిస్తాడు, ఆవిడ ముందు మాత్రం తన నోరు తెరవడు. ఆవిడ డాక్టరు కాకపోయినా అందరం డాక్టరమ్మ అనే అంటాం. నన్ను "వదినా" అని పిలుస్తుంది. "వదినా, ఇవాళ నీ పని అయిపోయిందే" అని కేక వినపడిందంటే నెత్తిమీద బకెట్ పడబోతోందని అర్థం.

కిందటేడు చలికాలంలో ఆయన పోయారు. తరువాత చెరువుకి వెళ్ళిన మొదటి ఆదివారం, డాక్టరమ్మ అలవాటు కొద్దీ నా మీద మగ్గుడు నీళ్ళు చల్లింది. నేను ఏడ్చేశాను. నీళ్ళు పడ్డందుకు కాదు. నీళ్ళు పడితే ఎదురుగా ఉన్న బల్ల మీంచి ఒక కేక రావాలి, అది రాలేదు, అందుకు. చెరువంతా నిశ్శబ్దమైపోయింది. ఆవిడ చేతిలో మగ్గు అలాగే ఉండిపోయింది. "క్షమించండి, నాకు బుద్ధి లేదు" అంది. అదే మొదటిసారి ఆవిడ నన్ను "అండీ" అనడం.

అంతే, ఆ రోజు నుంచి నేను తడవలేదు. నా పడవ దగ్గరికొస్తే అందరూ బకెట్లు దించేస్తారు. నమస్కారం పెడతారు. "బాగున్నారా, భోజనం సరిగ్గా చేస్తున్నారా" అని పరామర్శిస్తారు. నేను దాటి వెళ్ళాక వెనక మళ్ళీ అరుపులు, నవ్వులు మొదలవుతాయి. వాళ్ళు మంచివాళ్ళు, కాదనను. కానీ ఆ మంచితనానికి ఒళ్ళు మండిపోయేది. పొడి బట్టలతో ఇంటికొచ్చి, తడవని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేటప్పుడు, నేను కూడా సగం పోయానని వీళ్ళంతా కూడబలుక్కున్నారేమో అనిపించేది.

ఇలా ఉండగా రేవులో పడవలు చూసుకునే పెద్దాయన ఒక మాట కదిపాడు.

"అమ్మా, ఒకాయన మీ పడవ అడుగుతున్నాడు. మీరు ఒక్కరూ ఎన్నాళ్ళని లాక్కుంటారు? ఆదివారం సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పండి."

చెప్తానన్నాను. ఇంటికి నడిచి వస్తూ మనసులో ఒక తీర్మానం చేసుకున్నాను. వచ్చే ఆదివారం ఎవరైనా నన్ను తడిపితే పడవ ఉంచుకుంటాను. పొడి బట్టలతో ఒడ్డుకి వస్తే ఇచ్చేస్తాను. ఊరికే కూర్చుంటే ఎవరూ తడపరు. వాళ్ళకి కోపం తెప్పించాలి. కోపం తెప్పించాలంటే ముందు నేనే కొట్టాలి. ఆయన పిచికారీ పట్టుకుంటే తెడ్లు ఎవరు వేస్తారు? మిగతా రెండు చేతులు నేనే తయారుచేసుకోవాలి.

నేను స్కూలు సైన్సు ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. తీగలంటే భయం లేదు. మందు కొట్టే స్ప్రేయర్లో పెట్టే చిన్న పంపు ఒకటి కొన్నాను. బ్యాటరీతో నడుస్తుంది.

"ఎన్ని ఎకరాలు మేడమ్?" అన్నాడు షాపతను.

"ఎకరాలు లేవు బాబూ. ఒక పడవ, చెరువు నిండా శత్రువులు."

అతను నా మొహం ఒకసారి చూసి, మరో ప్రశ్న వేయకుండా ప్యాక్ చేసి ఇచ్చాడు.

బ్యాటరీ ఆయన స్కూటర్‌ది. ఎవరూ నడపని స్కూటర్‌కి బ్యాటరీ ఎందుకు? విప్పి చార్జింగ్ పెట్టాను. ఒక గొట్టం చెరువులోకి, చెత్త రాకుండా దాని మూతికి జల్లెడ. ఇంకో గొట్టం పంపు నుంచి ప్లాస్టిక్ పైపులోకి. పైపు చివర మూత, మూతకి చిల్లి. ఆ చిల్లి దగ్గరే చుక్కలు కనిపించాయి. సన్నగా పెడితే తుంపర, పెద్దగా పెడితే రెండడుగులకే వాలిపోయే ధార. మూతలు వరసగా పాడుచేశాక ఒకటి కుదిరింది. స్నానాల గదిలో పెట్టి చూస్తే ధార తిన్నగా వెళ్ళి అద్దాన్ని ఫెడీమని కొట్టింది, అక్కడి నుంచి తిరిగొచ్చి నా కళ్ళజోడు మీద పడింది. పకపకా నవ్వాను. నవ్వుతూనే "చూశారా" అని వెనక్కి తిరిగాను. తలుపుకి వేలాడుతున్న తువ్వాలు తప్ప ఎవరున్నారు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నేల తుడుచుకున్నాను.

అన్నీ అమిరాయి, స్విచ్చి ఒక్కటే లేదు. చేతులు తెడ్ల మీద ఉంటాయి కాబట్టి కాలితో నొక్కేది కావాలి. అప్పటికి శనివారం సాయంత్రం, కొట్లు కట్టేశారు. ఇల్లంతా వెతుకుతూ వీధి గుమ్మం దాకా వచ్చాను. తలుపు పక్కన కాలింగ్ బెల్ బటన్ కనిపించింది. అది చివరిసారి ఎప్పుడు మోగిందా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. మెయిన్ ఆపేసి, మరలు విప్పి, బటన్ ఊడదీసి, గోడలో మిగిలిన తీగలకి టేపు చుట్టాను.

బెల్ బటన్ మోటారుకి ఆగదని నాకు తెలియదా? ఎక్కువసేపు నొక్కి ఉంచితే లోపలి రేకులు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ల్యాబులో పిల్లలకి ఈ పాఠం చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఒక్క పూటకి ఏం కాదులే అనుకున్నాను.

ఆదివారం ఉదయం పైపుని ఆయన బల్ల మీద బిగించాను. దాని మూతి పడవ వెనక వైపుకి. పడవని తిప్పితే గురి అదే తిరుగుతుంది. బ్యాటరీని మూతున్న డబ్బాలో పెట్టి, నీళ్ళు పోకుండా టేపు వేసి, ఆ బల్ల కిందకే తోశాను. బటన్ నా మడమ దగ్గర. తెడ్లు అందుకున్నాను. ఎదురుగా ఆయన మొహం ఉండాల్సిన చోట తెల్ల పైపు. ఎవరి కుడి అని అడిగేవాళ్ళు లేరు.

ముందు బేకరీ అన్నదమ్ముల పడవ దొరికింది. చెరో బకెట్‌తో మంచి ఊపు మీద ఉన్నారు. పడవ తిప్పి, వీపు వాళ్ళ వైపు కాకుండా చూసుకుని, మడమ నొక్కాను. ధార పెద్దవాడి చెవిలో పడింది. వాడు ఉలిక్కిపడి బకెట్ ఎత్తాడు, నన్ను చూశాడు, దించేశాడు.

"భలేగా చేశారే పెద్దమ్మా. ఇంకోసారి కొట్టండి" అన్నాడు చిన్నవాడు. తడవడానికి వీలుగా ఇద్దరూ ఇటు తిరిగి కూర్చున్నారు కూడా.

ఇంకోసారి కొట్టాను. మొహాలు తుడుచుకుని నవ్వారు. బొమ్మ తుపాకీతో పేలిస్తే చచ్చిపోయినట్టు నటిస్తారే పెద్దవాళ్ళు, అచ్చం ఆ నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒళ్ళో బ్రెడ్డు డబ్బా, పక్కన టీ ఫ్లాస్కు. డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. మడమ నొక్కి పట్టాను. ధార ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ కదల్లేదు.

"పరవాలేదండీ, కానివ్వండి" అంది. "మీకు కాస్త సరదాగా ఉంటే మాకంతే చాలు."

ఇక చాలనుకుని మడమ తీశాను. ధార ఆగలేదు. మళ్ళీ నొక్కి తీశాను. ఆగలేదు. రేకులు అతుక్కుపోయాయి. వంగి బటన్ మీద గుద్దబోతే ఒక తెడ్డు చెయ్యి జారింది, రెండోదాన్ని కంగారుగా లాగాను, దాంతో పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పడవతో పాటు ధార కూడా. బేకరీ పెద్దవాడు, చిన్నవాడు, అవతలి పడవలో నవ్వుతున్నవాళ్ళు, నవ్వనివాళ్ళు, డాక్టరుగారు, డాక్టరమ్మ, మళ్ళీ మొదటినుంచి. డాక్టరుగారి కళ్ళజోడు టప్పున నీళ్ళలో పడింది. బ్రెడ్డు నానిపోయింది. ఏదో అనబోయిన డాక్టరమ్మ తెరిచిన నోట్లోకే నీళ్ళు వెళ్ళాయి.

నేను పాక్కుంటూ వెళ్ళి బల్ల కింద డబ్బా తెరిచి తీగ లాగితే ఆగిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ డాక్టరమ్మ మొహం చూశాను. ఆ మొహంలో జాలి లేదు. తీగ జోలికి వెళ్ళకుండా తెడ్డు ఇంకొంచెం లాగాను.

ఆవిడ దగ్గి, ఉమ్మి, పడవలో లేచి నిలబడింది.

"ఏడాదిగా నోరు మూసుకుని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నావేం వదినా నువ్వు? ఆయన కళ్ళజోడు పోయింది, నా టీ పోయింది. ఆగు, నీ సంగతి చెప్తాను."

బకెట్ నిండా ముంచి నా నెత్తిన కుమ్మరించింది. చల్లటి నీళ్ళు, నాచు వాసన. మెడ వెనక నుంచి వీపులోకి జారాయి. ఊపిరి ఆడలేదు. ఏడాది తరువాత ఎవరో నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగినట్టుంది. ఏడుపు వచ్చేసింది. దాచుకుందామంటే రెండు చేతులూ తెడ్డు మీదే ఉన్నాయి.

ఆవిడ చూసింది. చేతిలో బకెట్ కిందికి దిగిపోయింది. బకెట్లు ఎత్తిన బేకరీ అన్నదమ్ములు కూడా దించేశారు. చుట్టూ మళ్ళీ అదే నిశ్శబ్దం, పంపు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ పెదాలు "క్షమించండి" అనడానికి సిద్ధమవుతున్నాయి.

"ఆపకు" అన్నాను. "ఏడిస్తే ఏడవనీ. నువ్వు పొయ్యి."

ఆవిడ బకెట్‌ని పడవ అడుగున పెట్టేయబోయింది.

"మీరంతా మానేశాకే నాకు ఎవరూ లేకుండా పోయింది" అన్నాను. "పొయ్యి వదినా."

ఆవిడ వంగి బకెట్ ముంచింది. ఈసారి నెమ్మదిగా, నిండా ముంచింది. పోసింది. తరువాత బేకరీ వాళ్ళు పోశారు. ఇటు నా పైపు కూడా వాళ్ళని వదల్లేదు, బ్యాటరీ అయిపోయేదాకా గుండ్రంగా తిరుగుతూ అందరినీ కొడుతూనే ఉంది.

రేవులో పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. చొక్కా చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పడవ ఇవ్వను" అన్నాను.

"అది కనపడుతూనే ఉంది లెండి" అన్నాడు.

డాక్టరమ్మ తన తువ్వాలు తెచ్చి నా నెత్తిన వేసింది. డాక్టరుగారు కళ్ళు చికిలించుకుని ఎవరికో నమస్కారం పెడుతున్నారు, బహుశా నాకే.

"ఉతికి తెచ్చిస్తాను" అన్నాను.

"నువ్వు తెచ్చిందాకా ఎవరాగుతారు. నేనే వచ్చి తీసుకుంటా. ఇల్లు అదేగా?"

"అదే."

ఆ రోజు ఇంట్లో తడి చొక్కాని కొక్కేనికి తగిలించాను. కింద మడుగు కట్టింది. తుడవలేదు. ఇలా మడుగు కడితే ఆయన సణుక్కునేవారు. సణుగుడు వినపడదని తెలిసీ కాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

సోమవారం కొట్టు తీయగానే వెళ్ళి రెండు కొన్నాను. పడవకి కాలితో నొక్కే గట్టి స్విచ్చి, గుమ్మానికి బెల్ బటన్. బటన్ బిగించాక మోగుతుందో లేదో చూడాలి. ఒకరు బయట నొక్కితే ఒకరు లోపల విని చెప్పే పని అది. నేనే నొక్కాను, తలుపుకి చెవి ఆనించి నేనే విన్నాను. మోగింది. లోపల అడుగుల చప్పుడు లేదు. ఉండదని తెలుసు. అయినా తలుపు వంక చూస్తూ కొంచెంసేపు నిలబడి, తరువాత నా తాళంచెవితో నేనే తీసుకుని లోపలికి వెళ్ళాను.

ఉతికి ఆరిన తువ్వాలు మడతపెట్టి, రాగానే అందేలా గుమ్మం దగ్గరి కుర్చీలో పెట్టాను. వంటింటి దాకా వెళ్ళి ఆగాను. రాగానే అందితే, తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోతుంది. వెనక్కి వచ్చి ఆ తువ్వాలు తీసి, లోపలి గదిలో బీరువా అడుగు అరలో, దుప్పట్ల కింద పెట్టాను. అది వెతికి తెచ్చేదాకా ఆవిడ కూర్చోవాలి కదా.