విప్పని ఎర్ర పేలికలు

మా నాన్న తమ్ముడు, మా చిన్నబాపు పర్శరాములు ఇంట్లోనే విమానం తయారుచేస్తున్నాడని తెలిశాక మరిపెడ దగ్గరి మా ఊళ్లో అందరూ నన్ను అదృష్టవంతురాలిని చూసినట్టు చూసేవారు. వాళ్లకేం తెలుసు? ఆ విమానం వాసన వాళ్లు పీల్చలేదు.

అది 1983. పదో తరగతి అయ్యాక టైపు నేర్చుకోవడానికి నన్ను వరంగల్ కొత్తవాడలో ఆయన ఇంటికి పంపారు. మా తాత జంపఖానాలు నేసిన కొట్టంలో రెండు మగ్గాలు పీకేసి, ఆ చోట చిన్నబాపు విమానం పెట్టాడు. ఆయన మోటారు మెకానిక్కు. చిత్తుకాగితాల దుకాణంలో దొరికిన ఇంగ్లీషు పత్రికలో బొమ్మలు చూసి మొదలుపెట్టాడు. పాత కారు ఇంజను, కర్ర చట్రం, చట్రం మీద బట్ట, బట్ట మీద జిగురు. ఆ జిగురు కంపు మేం తినే అన్నంలోకి కూడా వచ్చేది. ఆయన పాన్ నములుతూ, వేలికి అంటిన సున్నాన్ని రెక్కకే రాసేవాడు.

అంతకంటే రోత ఆయన పని చేసే తీరు. ఒక నట్టు సగం బిగిస్తాడు. ఇంతలో గల్లీలోంచి ఎవరో "పర్శరాములన్నా, ఎప్పుడు లేపుతానవే?" అని కేకేస్తారు. పానా అక్కడే పడేసి బయటికి పోయి అరగంట గొప్పలు చెప్పి వస్తాడు. వచ్చాక ఆ నట్టు దగ్గరికి పోడు. తోక దగ్గర కూర్చుంటాడు. ఒకసారి వాకిట్లోకి తోసి చూస్తే ఎడమ చక్రం ఊడి దొర్లుకుంటూ పోయి మురికి కాలువలో పడింది. గల్లీ అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

"చక్రమే గదా, రెక్క కాదు గదా!" అన్నాడు.

ఆ చక్రాన్ని కాలువలోంచి తీసి కడిగింది నేను.

మా ఇళ్లలో మగ్గం మీద పడుగు పోగు తెగి, దాన్ని అతకకుండా లేవాల్సి వస్తే, అక్కడ ఎర్ర పేలిక ముడేసి లేస్తారు. తర్వాత ఎవరు కూర్చున్నా వాళ్లకు కనబడుతుంది. పోగు అతికినవాళ్లే ఆ ముడి విప్పాలి. కోయకూడదు. ఆ పేలికలనే నేను విమానానికి కట్టడం మొదలుపెట్టాను. ఆయన సగంలో వదిలేసి లేచిన ప్రతి చోటా ఒకటి. ఎవరికీ చెప్పలేదు. నాకు నోరు తెరవడమే కష్టం.

మూడో రోజు ఆయనే చూశాడు.

"ఇదేందే కళా, విమానానికి రిబ్బన్లు కట్టినవ్? దీనికి గూడ జడలేస్తవా?"

"సగం చేసినయి, చిన్నబాపూ," అన్నాను నేల చూస్తూ.

పెద్దగా నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి పని పూర్తయిన చోట ముడి విప్పి నా చేతికి ఇచ్చేవాడు. చక్రాలు మళ్లీ ఊడలేదు.

దసరా ముందు సద్దుల బతుకమ్మకు మా అమ్మ రమ్మంటే ఊరికి పోయాను. అప్పటికి ఇంకా పదమూడు పేలికలు మిగిలి ఉన్నాయి. అందులో ఒకటి కుడి రెక్క లోపల. ఆ రెక్క చివర పైకీ కిందికీ కదిలే ముక్క ఒకటి ఉంటుంది. విమానాన్ని పక్కలకు వంచేది అదే. దాన్ని కదిలించే కడ్డీకి బోల్టు వేసి నట్టు బిగించాడు గానీ, నట్టు వదులు కాకుండా అడ్డం వేసే పిన్ను వేయలేదు. వేయబోతుంటే ఎవరో చాయ్‌కి పిలిచారు.

దసరా పొద్దున బస్సు దిగి వచ్చేసరికి విమానానికి ఒక్క పేలిక కూడా లేదు. కుడి రెక్కకు బట్ట పరిచి జిగురు పూసేశారు. అంతటా పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. నాకు సంతోషమైంది.

"అన్ని పనులు అయిపోయినయా, చిన్నమ్మా? పేలికలన్నీ చిన్నబాపు విప్పిండా?" అని అడిగాను.

మా చిన్నమ్మ సమ్మమ్మ మసాలా నూరుతూ తల కూడా ఎత్తలేదు. "ఏం పేలికలు? గా మురికి గుడ్డలా? ఆయుధ పూజకు కడుగుతాంటే అడ్డం వచ్చినయి. కత్తెరతోని కోసి పారేసిన."

"కోసినవా!"

"మగ్గానికి ఉన్నయైతే నేను ముట్టుకుంటనానే? మోటరుకు పేలిక కట్టుడు ఎక్కడన్న ఉన్నదా?"

దొడ్లోకి పరుగెత్తాను. పెంటకుప్ప మీద పొద్దున కోసిన మేక పేగులు, వాటి మీద నల్లగా ఈగలు. ముక్కు మూసుకుని కట్టెతో కెలికాను. కట్టెతో రాకపోతే చేత్తోనే తీశాను. జిగటగా, వెచ్చగా ఉంది. పేలికలు దొరికాయి, పదమూడూ. ఒక్కో దానికి ముడి ముడిలాగే ఉంది. అంటే ఆయన ఒక్క పని కూడా పూర్తి చేయలేదు. చేయి కడుక్కుంటూ కాలువ దగ్గర వాంతి చేసుకున్నాను.

వాకిట్లో పెద్ద గుంపు. రెక్కలు ఊడదీసి గోడకు ఆనించారు. వాటిని ట్రాక్టరు మీద వేసుకుని పోయి, ఖిలా వరంగల్ అవతలి బీడులో బిగించి, సాయంత్రం జమ్మి చెట్టు పూజకు పోయేవాళ్లంతా చూస్తుండగా ఎగరాలట. బజారులో బట్టల దుకాణం సాంబమూర్తి సేటు పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. చిన్నబాపు తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. నోటి నిండా పాన్.

"చిన్నబాపూ, కుడి రెక్కల పిన్ను ఏసినవా?"

"ఏసినట్టే ఉన్నది."

"ఏసినట్టా? ఏసినవా?"

"అబ్బ! పండుగ పూట నస పెట్టకు బిడ్డా. రెండు నిలువుల ఎత్తు లేసి దిగుత, గంతే. ఫికర్ జెయ్యకు."

"పేలికలు నువ్వు విప్పలే. చిన్నమ్మ కోసింది."

నా మాట సగమే బయటికి వచ్చింది. మిగతాది గుంపు చప్పుడులో పోయింది. సేటు ఏదో అన్నాడు, అందరూ పకపకా నవ్వారు. రెండు నిలువుల ఎత్తు నుంచి కింద పడ్డా మనిషి చస్తాడు. ఇంత చిన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు. ఆ నవ్వే నోళ్లు చూస్తే పెంటకుప్పే నయమనిపించింది.

పూజ దగ్గర కుంకుమ బొట్టుతో కత్తెర ఉంది. తీసుకొచ్చి గోడకు ఆనించిన రెక్కలో పొడిచాను. జిగురు ఎండిన బట్ట పెద్ద చప్పుడుతో చిరిగింది.

"కొయ్యకే! పండుగనాడు బట్ట కోస్తవా! పూజల కత్తెరనే!" చిన్నమ్మ వచ్చి నా వీపు మీద రెండు చరిచింది.

నేను ఆపలేదు. మూరెడు కోసి, లోపల చేయి పెట్టి, నట్టును రెండు వేళ్లతో తిప్పాను. రెండు చుట్లకే ఊడి నా చేతిలో పడింది. పిన్ను లేదు. రెక్కను వాకిట్లోకి తెచ్చేటప్పటి కుదుపులకే అది అంత వదులైంది.

అరచేయి ఆయన ముందు చాపాను. కళ్లద్దాలు తీసి చూశాడు. నమలడం ఆపేశాడు.

"ఏందది, పర్శరాములూ?" అన్నాడు సేటు.

చిన్నబాపు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ఏం లేదు సేటూ. నేనే కొయ్యమన్న. చెకింగ్ అంటరు దీన్ని."

"నువ్వు చెప్పలే," అన్నాను.

వాకిలంతా వినబడింది. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. చిన్నబాపు ముఖం ఎర్రబడింది. "పోరికి దెయ్యం పట్టింది" అని ఎవరో అన్నారు. ఇవాళ ఎగురుడు లేదని తెలిసి గుంపు గొణుక్కుంటూ చెదిరిపోయింది. సేటు దండను తన స్కూటరుకు వేసుకుని వెళ్లిపోయాడు.

చిన్నబాపు రెక్కలు రెండూ మళ్లీ లోపలికి మోసుకుపోయాడు. తర్వాత నన్ను కొట్టంలోకి పిలిచాడు.

"ఇంకా ఎక్కడెక్కడ కట్టినవ్?"

"అన్నీ యాదికి లేవు. మొత్తం విప్పి చూడాలె."

"మొత్తమా?"

"మొత్తం."

ఇంజను ముందర చతికిలబడి మొదటి నట్టు అందుకున్నాడు. పానాతో రెండుసార్లు తిప్పాడో లేదో, లోపలి నుంచి చిన్నమ్మ "కూర సల్లారుతాంది, రారాదు!" అని అరిచింది. ఆయన పానా నేల మీద పెట్టి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయాడు.

"కూసో," అన్నాను. "అది పూర్తి జేసి లే."

నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. పాన్ ఉమ్మేసి, పానా తీసుకుని మళ్లీ కూర్చున్నాడు.