చంద్రభాగకు వినబడదట

బడులు తెరిచిన మూడో రోజు పదిన్నర కూడా కాకముందే ఆరేళ్ల చంద్రభాగ పలకసంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. జొన్నరొట్టెలు చేస్తున్న తల్లి పరమేశ్వరి పిండి చేతులతోనే గడప దాకా వచ్చింది.

“ఏందే చంద్రీ, బడి గప్పుడే అయిపోయిందా?”

“అయిపోలే. బడిల చదువు చెప్పే బాయి ఖాలీ బస్సు అన్నది. చూద్దామని ఉరికిన. బస్సు లేదు, గిస్సు లేదు. ఇంగ ఇంటికచ్చిన.”

పరమేశ్వరికి నవ్వొచ్చింది. ఖాలీ బస్సు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. వాళ్లు ఇస్లాపూర్ నుంచి నాందేడ్‌కు వచ్చి రెండు నెలలే అయింది. అంతకుముందు చంద్రభాగ తండ్రి నందకిషోర్ ఇత్తడి గిన్నెలు బండి మీద వేసుకుని ఇస్లాపూర్, సర్ఖని సంతల్లో అమ్మేవాడు. డెబ్బై నాలుగు ఎండాకాలంలో నాందేడ్ ఇత్వారా బజారులో చిన్న దుకాణం దొరికింది. సామానుతో, తల్లితో, పెళ్లాం పిల్లలతో రోడ్డు మీద నిలబడితే, వచ్చిన ప్రతి ఎర్రబస్సూ జనాన్ని కుక్కుకుని ఆగకుండా పోయింది. పోయినప్పుడల్లా నందకిషోర్, “ఎనుక ఖాలీ బస్సు అస్తది, ఆగుండ్రి” అని పిల్లలకు ధైర్యం చెప్పాడు. చివరికి నాలుగో బస్సులో దారి పొడుగునా నిలబడే వచ్చారు. అప్పటినుంచి చంద్రభాగకు ఖాలీ బస్సంటే పులి కన్నా అరుదైన జంతువు. బడి ముందు ఒకటి కనిపిస్తుందంటే ఏ పిల్ల ఉరకదు?

కూతురి చేతిలో వేడి రొట్టెముక్క పెట్టి పరమేశ్వరి ఆ మాట అక్కడితో మరిచిపోయింది.

మర్నాడు సాయంత్రం చంద్రభాగ గౌనుకు పిన్నీసుతో గుచ్చిన చీటీతో వచ్చింది. చీటీ మరాఠీలో ఉంది. పరమేశ్వరికి చదువు రాదు. ఆమె పుట్టిందీ పెరిగిందీ బోధన్ పక్క పల్లెలో, మెట్టింది ఇస్లాపూర్‌లో. రెండు చోట్లా చుట్టుపక్కల అందరూ తెలుగువాళ్లే కావడంతో మరాఠీ అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. పిల్లలకూ అంతే. ఇంట్లో మరాఠీ వచ్చింది నందకిషోర్ ఒక్కడికే.

అతను దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని చీటీ చదివాడు. మళ్లీ చదివాడు.

“ఏమన్నది బాయి?” అంది పరమేశ్వరి.

“పిల్లకు సక్కగ ఇనబడుతలేదట. రమ్మంటే నిలవడ్డ కాడికెల్లి కదలదట. కూసోమంటే లేసి బయటికి ఉరుకుతదట. ఒకపారి చెవులు చూపియ్యుమని రాసింది.”

పక్క గదిలోంచి నందకిషోర్ తల్లి యమునాబాయి, “ఏంది, పిల్లకు చెప్పులు లేవట్నా?” అని అడిగింది.

“చెప్పులు గాదమ్మా, చెవులు!” అని నందకిషోర్ అరిచాడు.

నిజానికి ఆ ఇంట్లో ఎవరికైనా వినికిడి తగ్గిందంటే అది యమునాబాయికే. కానీ ఆ మాట ఆమె ఎదుట అనేవాళ్లు లేరు. విషయం అర్థమయ్యాక ఆమే అందరికన్నా ఎక్కువగా గుండెలు బాదుకుంది. “నేను మొన్ననే అనుకున్న. పొద్దుందాక పిలుస్త, పలుకది. గీ పిల్లకు చెవుడే!”

నందకిషోర్ వ్యాపారి. సరుకు చేతితో కొట్టి చూడనిదే దేన్నీ నమ్మడు. మర్నాడు దుకాణం నుంచి అన్నిటికన్నా పెద్ద ఇత్తడి తాంబాళం తెచ్చాడు. చంద్రభాగ వాకిట్లో గచ్చకాయలు ఆడుతూ ఉంది. వెనకనుంచి పిల్లిలా వెళ్లి, తాంబాళం ఎత్తి పట్టుకుని, ఇనుప గరిటెతో ఫెడీమని కొట్టాడు.

గోడ మీది పావురాలు లేచిపోయాయి. ఎదురింటావిడ చేతిలో చాటతో బయటికి వచ్చింది. నాలుగేళ్ల మారోతి పెళ్లి ఊరేగింపు అనుకుని గెంతడం మొదలుపెట్టాడు. చంద్రభాగ మాత్రం తలెత్తలేదు. పైకి వేసిన గచ్చకాయను పట్టుకుని, “ఐదు” అంది.

నందకిషోర్ ముఖం పాలిపోయింది. తాంబాళం కింద పెట్టి గడప మీద కూలబడ్డాడు. పుట్టినప్పటినుంచి గిన్నెల మోతలోనే నిద్రపోయి, గిన్నెల మోతలోనే లేచిన పిల్ల ఒక్క తాంబాళానికి ఎందుకు ఉలికిపడాలన్న ఆలోచన అతనికి రాలేదు.

యమునాబాయి వైద్యం మొదలుపెట్టింది. నూనెలో వెల్లుల్లి వేసి కాచి, వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని చెవిలో రెండు చుక్కలు వేసేది. వేశాక కదలకుండా ఉండాలి కాబట్టి కథ చెప్పేది. కథ అయ్యేసరికి దూది పెట్టి, నోట్లో ఖర్జూరపండు పెట్టేది. రెండు చెవులకు రెండు కథలు, రెండు ఖర్జూరాలు. పైగా, వినబడని పిల్లను బడికెట్లా పంపుతామని బడి మాన్పించారు.

ఇంత సుఖం ఉంటుందని చంద్రభాగకు ముందు తెలియదు. తెలిశాక ఆమె చెవుడు రోజురోజుకూ ముదిరింది. “ముఖం కడుక్కో” వినబడేది కాదు. “తమ్మునికి ఆ బొమ్మ ఇయ్యి” అసలే వినబడేది కాదు. “జడ ఎయ్యాలె, దా” అంటే, చెవిలో దూది చూపించి జాలిగా నవ్వేది. మారోతి ఇదంతా చూసి, నాలుగో రోజు తనకూ వినబడటం లేదని ప్రకటించి బాపమ్మ ఒళ్లో తల పెట్టుకున్నాడు.

పరమేశ్వరికి అనుమానం వచ్చింది. తన పిల్లల సంగతి తనకు తెలియదా? ఆ మధ్యాహ్నం చంద్రభాగ వాకిట్లో ఉండగా, మారోతిని వంటింటి మూలకు తీసుకుపోయి, వాడి చెవిలో గాలి ఊదినట్టు చెప్పింది.

“అటుకుల డబ్బాల బెల్లం దాసిన. అక్కకు చెప్పకు.”

మారోతి నోరు తెరిచే లోపల చంద్రభాగ గుమ్మంలో ప్రత్యక్షమై చెయ్యి చాచింది.

“నాకు పెద్ద ముక్క.”

పరమేశ్వరి ఆమె రెండు చెవుల్లోని దూదీ లాగేసింది. “నీకు చెవుడా? పాము చెవులు నీయి! గోడకవతల బెల్లం ఇనబడ్డది గాని, ఎదురుంగ బాయి పిలిస్తే ఇనబడదా?”

చంద్రభాగ ముఖం ముడుచుకుంది. “బాయి పిలుస్తనే లేదు.”

“మరేమంటది?”

“ఏమో. నన్ను కదలనియ్యది.”

ఇక లాభం లేదని, తానే బడికి పోయి కనుక్కోవాలని పరమేశ్వరి నిశ్చయించుకుంది. నందకిషోర్ విని, “నీకు మరాఠీ రాదు గదా, ఏం మాట్లాడతవ్? ఐతారం అయినంక నేనే పోత” అన్నాడు.

“ఐతారం దాక పిల్ల ఇంట్ల ఉంటే మీ అమ్మ ఖర్జూరాలన్ని అయిపోతయ్. నాకు ఒక్క మాట నేర్పుండ్రి చాలు.”

అతను నేర్పాడు. ‘మాఝ్యా ములీలా ఐకూ యేతే.’ మా అమ్మాయికి వినబడుతుంది. పరమేశ్వరి అంట్లు తోముతూ, జడ వేసుకుంటూ ఆ మాటే వల్లించింది. మర్నాడు నెత్తిన కొంగు కప్పుకుని, ఒక చేత చంద్రభాగను, ఒక చేత మారోతిని పట్టుకుని బయల్దేరింది. దారిలో మారోతి చెప్పు తెగింది. ఒక మేక చంద్రభాగ రిబ్బను నమలబోయింది. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె దగ్గర ‘ఐకూ’ ఒక్కటే మిగిలింది.

ఒకటో తరగతి గదిలో నలభైమంది పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. అవతలి కొసన సుందరబాయి, అంటే పిల్లల బాయి, రెండు చేతుల నిండా పలకలు మోస్తూ నిలబడి ఉంది. పొట్టిగా, గుండ్రంగా, పెద్ద కళ్లద్దాలతో ఉంది. గుమ్మంలో తల్లినీ పిల్లల్నీ చూసి ముఖం వికసించింది.

“ఇకడే యా!” అంది.

పరమేశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇకడే, ఇకడే యా!” అంది బాయి మళ్లీ, ఇంకాస్త గట్టిగా.

పరమేశ్వరి కాళ్లు దగ్గరగా పెట్టుకుని, పిల్లల్ని కూడా కదలకుండా పట్టుకుంది. లోపలికి రావద్దంటోంది కాబోలు, చెప్పులున్నాయి కదా అనుకుంది. చెప్పులు విడిచింది. అయినా బాయి అరుపు ఆగలేదు. పాపం, తల్లికీ వినబడదని బాయి నిర్ణయానికి వచ్చినట్టుంది. పలకలు దించకుండానే గది దద్దరిల్లేలా కేక పెట్టింది.

“ఇకడే యా!”

పరమేశ్వరికి కోపం వచ్చింది. నేర్చుకున్న ఐకూ కూడా ఎగిరిపోయింది.

“ఇక్కడే ఉన్న గద బాయీ! ఇక్కడే, ఇక్కడే అనవడితిరి. ఇక్కడికెల్లి జరిగితే అడుగుండ్రి. గింత ఒర్రుడెందుకు?”

చంద్రభాగ తల్లి కొంగు లాగింది. “చూసినవా అమ్మా, రోజు గిట్లనే. ఇక్కడే ఉండుమంటది. ఉంటే కోపానికస్తది.”

బాయి పెద్ద కళ్లద్దాల వెనక కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. ఆమెకు ఈ తల్లీకూతుళ్ల భాష ఒక్క ముక్క తెలియదు కానీ, అందులో తన మాట ఒకటి మాటిమాటికీ దొర్లడం చెవిన పడింది. పలకలు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అడిగింది.

“ఇక్కడే?”

పరమేశ్వరి తాను నిలబడ్డ చోట నేల మీద పాదంతో తట్టింది. “ఇక్కడే.”

బాయి తల అడ్డంగా ఊపింది. తన కాళ్ల ముందు నేల చూపించి, రెండు చేతులతో వాళ్లను తనవైపు లాక్కుంటున్నట్టు సైగ చేసింది. “ఇకడే! ఇకడే యా!”

“ఓయమ్మా! ఇటు రమ్మనుడా!” అంది పరమేశ్వరి.

నవ్వు ముందు ఎవరికి వచ్చిందో చెప్పలేం. పరమేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది. బాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఎందుకో తెలియకపోయినా నలభైమంది పిల్లలూ నవ్వారు. నవ్వి నవ్వి ఆయాసపడ్డ బాయి, ముందు వరసలో చాప చూపించి, తల్లీపిల్లల్ని మర్యాదగా కూర్చోమంది.

“ఖాలీ బసా.”

అంతే. చంద్రభాగ తల్లి చెయ్యి విడిపించుకుంది. “అమ్మా, ఖాలీ బస్సట! ఇయ్యాల నిజంగ అచ్చింది!” అంటూ గేటు వైపు లగెత్తింది. అక్క వెనకే ఒక కాలికి చెప్పుతో మారోతి. వాళ్ల వెనక, ఏం జరుగుతోందో చూద్దామని సగం తరగతి.

బాయి తెల్లబోయి చూసింది. చంద్రభాగ బడికి వచ్చిన రోజుల్లోనూ జరిగింది ఇదే. ఈసారి మాత్రం ఆమె చీటీ రాయలేదు. “బసా” అంటూ తానే చాప మీద చతికిలబడి, పక్కన నేల మీద చేత్తో తట్టి చూపించింది. పరమేశ్వరి ఆమె పక్కన కూర్చుని, గేటు దగ్గర రోడ్డుకు రెండు వైపులా వెతుకుతున్న కూతుర్ని చూస్తూ, నవ్వలేక కడుపు పట్టుకుంది.

ఆ రోజు నుంచి ఒక కొత్త ఏర్పాటు జరిగింది. పరమేశ్వరి పని ముగించుకుని గంటసేపు బడికి వచ్చి, పిల్లలిద్దరితో వెనక చాప మీద కూర్చోవాలి. బాయి ప్రతి మాటా చెబుతూ చేసి చూపించాలి, తల్లీకూతుళ్లు దాన్ని పట్టుకోవాలి. పదిహేను రోజులనుకున్నది మూడు నెలలు సాగింది. ఇంట్లో యమునాబాయి, “కోడలు బడికి, అత్త పొయ్యికాడికి. మంచిగున్నది నాయం” అని సణిగింది కానీ, సాయంత్రాలు ఇంట్లో బడి ఆట మొదలయ్యాక ఆమే ముందు వచ్చి కూర్చునేది. ఆ ఆటలో పంతులు చంద్రభాగ. అందరికన్నా మొద్దు విద్యార్థి నందకిషోర్. మరాఠీలో బేరాలాడి బతికే మనిషి, కూతురు దిద్దితే సంతోషపడుతుందని కావాలనే తప్పులు చదివేవాడు. తప్పుకొక గుంజీ. మారోతి లెక్కపెట్టేవాడు. వాడికి ఏడు దాటి అంకెలు రావు కాబట్టి, ఏడు కాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. నందకిషోర్ ఎన్ని గుంజీలు తీశాడో ఆ దేవుడికే తెలియాలి. ఎత్తిన గిన్నెల మూటల కన్నా ఆ గుంజీలకే మోకాళ్లు అరిగాయని అతను ముసలితనంలో కూడా చెప్పుకుని మురిసేవాడు.

దసరా సెలవులకు ముందు పరమేశ్వరి బాయిని భోజనానికి పిలిచింది. పిలుపు మరాఠీలోనే, ఎవరి సాయమూ లేకుండా. బాయి చేనేత చీర కట్టుకుని వచ్చింది. వడ్డన మాత్రం తనదేనని యమునాబాయి పట్టుబట్టింది. మనవరాలికి చదువు చెప్పే మనిషికి తన చేతులతో పెట్టాలని ఆమె కోరిక.

పూరీలు, ఆలుగడ్డ కూర, సేమ్యా పాయసం. బాయి నాలుగు పూరీలు తృప్తిగా తిని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“పురే, ఆజీ, పురే” అంది యమునాబాయితో.

“పూరీనా? ఎన్నన్న తిను బిడ్డా!” అని యమునాబాయి వేళ్ల సందులోంచి రెండు వేసింది.

బాయి పెద్దావిడ మనసు నొప్పించలేక అవి తింది. “పురే, పురే” అంది మళ్లీ, చేతులు జోడించి.

“చూసినవా, నా చేతి పూరీ ఎట్ల నచ్చిందో! దండం పెట్టి మరీ అడుగుతుంది!” యమునాబాయి ఇంకో మూడు వేసింది.

నందకిషోర్ తల తిప్పుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. పరమేశ్వరి వంటింట్లో నూనె ముందు ఉంది, ఇదేదీ తెలియదు. చివరికి చంద్రభాగ లేచి, బాపమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

“బాపమ్మా! పురే అంటే చాలు అని!”

యమునాబాయి చేతిలో పూరీ అట్లాగే ఆగింది. ఆమె బాయి వైపు చూసింది, పూరీ వైపు చూసింది.

“గట్లనా? మరి నాలుగు తిన్నంక చెప్పొద్దా పిల్లా? తొమ్మిది అయినయి.”

చంద్రభాగ ఆ మాట మరాఠీలోకి మార్చి, ఒక్క అక్షరం పోకుండా, చేతులు తిప్పుతూ బాయికి చెప్పింది. పొట్ట పట్టుకుని కూర్చున్న బాయి, కూర్చున్న చోటినుంచే ఆ పిల్లను దగ్గరికి లాక్కుని, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.