తమ్ముని పైసలు

కోదాడలో ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కేలోపు లింగమ్మ సంచిలో పాస్‌పోర్టు ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకుంది. అరవై రెండేళ్ల మనిషి. నేరేడుచర్ల చుట్టుపక్కల నాట్లకు పోవడమే తప్ప వేరే దేశం ఎరగదు. ఇప్పుడు మస్కట్ పోవాలి. ఇరవై ఏళ్ల కింద అక్కడికి కూలికి పోయిన తమ్ముడు యాకోబు ఏడాది తిరక్కుండానే కట్టడం మీంచి పడి చనిపోతే, అక్కడే పాతిపెట్టారు. ఆ మట్టి మీద ఒక్కసారి చెయ్యి ఆనించి రావాలి. టికెట్టుకని రెండు బర్రెలు అమ్మింది.

టూరిస్టుగా పోయేవాళ్లు అక్కడున్నన్నాళ్లూ సొంత డబ్బుతో తిని ఉండగలరని బ్యాంకు కాగితం చూపాలని ఏజెంటు సాయిబాబు చెప్పాడు. లేకుంటే మస్కట్‌లో విమానం దిగాక కౌంటరు దగ్గర్నుంచే తిప్పి పంపినా పంపుతారట. ఎనిమిది వేలిస్తే తానే లక్షన్నర ఆమె ఖాతాలో వేసి, కాగితం తీశాక వెనక్కి తీసుకుంటానన్నాడు. అందరూ చేసేదేనంటూ సంతకానికి ఒక ఫారం జరిపాడు.

తమ్ముని ఉత్తరాలు పరాయివాళ్ల నోట వినడం ఇష్టంలేక, దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఫారం మీద వేలు పెట్టి నిదానంగా చదివింది. ఆ లక్షన్నర లింగమ్మ సొంత డబ్బేనని అందులో ఉంది. ఫారం వెనక్కి నెట్టేసింది.

"చూపించడానికే పెద్దమ్మా," అన్నాడు సాయిబాబు. "ఖర్చు పెట్టాలనేం లేదు."

లింగమ్మ ఆ మాట దగ్గర ఆగింది. నిజంగా ఖర్చు పెట్టనక్కర్లేదా అని రెండుసార్లు అడిగి, లేచి వెళ్లిపోయింది.

మర్నాడు బ్యాంకు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. వడ్డీతో కలిపి మూడు లక్షల పైచిలుకు. యాకోబు చనిపోయినప్పుడు కంపెనీ పంపిన సొమ్ము. ఇల్లు కురిసినా, కాలు విరిగి దవాఖానలో పడ్డా అందులో రూపాయి ముట్టలేదు. ముడితే తమ్ముణ్ణి తిన్నట్టేనని ఒట్టు పెట్టుకుంది. చూపితే ఒట్టు పోదు.

అది ఎక్కడి సొమ్మో ఆమె చెప్పగా విని సాయిబాబు తల గీక్కున్నాడు. కౌంటరు దగ్గర అడిగితే కూలి చేసి కూడబెట్టానని చెప్పమని, ఊరు చూడటానికొచ్చానని చెప్పమని, గొడవకొచ్చావనుకుంటారు గనుక చావు సంగతి మాత్రం ఎత్తొద్దని బతిమాలాడు.

"అబద్ధం చెప్ప బిడ్డా. ఇవి మా తమ్ముని పానానికి గా దేశపోళ్లు కట్టిన పైసలు. ఇప్పుడు నీ తాన పైసలున్నయా అని గాళ్లే అడుగుతున్నరు. గిదే చెప్త."

"తిప్పి పంపేస్తారు పెద్దమ్మా."

"పంపనియ్. మళ్ల పోత. ఇంట్ల ఇంకో బర్రె ఉన్నది."

మూడు వారాలకు వీసా వచ్చింది. హైదరాబాదుకు మిర్యాలగూడ మీంచి పొమ్మని అందరూ చెప్పారు. సూర్యాపేట బస్టాండులో యాకోబు బస్సు కిటికీలోంచి రెండేళ్లేనక్కా అంటూ చెయ్యూపిన నాటినుంచి ఆమె ఆ బస్టాండులో అడుగుపెట్టలేదు. ఇప్పుడు పట్టుబట్టి అక్కడికే వచ్చి, బస్సెక్కి కిటికీ పక్కనే కూర్చుని, సంచి మూడుసార్లు తడుముకుంది.

బస్సు కదులుతుంటే సాయిబాబు ఫోను చేశాడు. గాబరా పడొద్దని, చాలామందిని అసలు అడగనే అడగరని ధైర్యం చెప్పాడు.

"అడగకపోయినా సూపిస్త," అంది లింగమ్మ.