చక్రం నేలను తాకే చోట

ట్రాక్టర్ టైరు అంచు రిమ్ముకు అంటుకుపోయి ఊడి రావడం లేదు. దేవిదాస్ సుత్తి పక్కన పెట్టి, మడమ అంచు మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి తొక్కాడు. రెండోసారికి లోపలెక్కడో పట్టు విడిచిన చప్పుడైంది. ఆ సందులోకి ఇనుప పట్టీ దూర్చి, దాని వెనకే ఇంకో పట్టీ జరుపుకుంటూ టైరు చుట్టూ తిరిగాడు. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. బాన్సువాడ నుంచి రుద్రూర్ పోయే రోడ్డు మీద మంచు కప్పి ఉంది. చెరుకు లోడుతో ఆగిన ట్రాక్టర్ పక్కన డ్రైవర్ భిక్యా చెవులకు మఫ్లర్ చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

దుకాణం గడప మీద, దేవిదాస్ భార్య సావిత్రమ్మ ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది.

"ఇయ్యాల దుకాణం బందు అంటివి," అంది.

"బందే. గీ ఒక్కటి చేస్తె అయిపాయె."

"యాడికి పోతుండ్రే అన్నా, గింత పొద్దుగాల?" అడిగాడు భిక్యా.

దేవిదాస్ టైరులోంచి తల ఎత్తలేదు. "హైదరాబాద్."

"దవాఖానకా?"

"కాదు."

సావిత్రమ్మే చెప్పింది. "విమానాలు చూసెతందుకు."

భిక్యా ఇద్దరి మొహాలూ చూశాడు. "దుబాయి నుంచి ఎవలన్న వస్తుండ్రా?"

"ఎవ్వలు వస్తలేరు. ఉత్తగ చూసెతందుకే," అందామె. ఆ మాట చెప్పడానికి ఆమెకేమీ సిగ్గనిపించలేదు. సిగ్గుపడింది దేవిదాసే. గబగబా ట్యూబు బయటికి లాగాడు.

ఆయన పొట్టి మనిషి. సుత్తి దెబ్బలకు ఒక భుజం కిందికి దిగి, నడుస్తుంటే ఎప్పుడూ ఏదో మోస్తున్నట్టే ఉంటాడు. అరచేతుల గీతల్లో రబ్బరు నలుపు ఇంకిపోయింది. పెళ్లయిన కొత్తలో సావిత్రమ్మ కుంకుడు రసంతో ఆ చేతులు తోమి తోమి, ఆ తర్వాత ఊరుకుంది. ఆమె చేతులకున్న తునికాకు వాసన మాత్రం పోయిందా ఏమన్నా. ఆమె ఇంటి ముందు బీడీలు చుడుతుంది, ఆయన ఇంటికి ఆనుకునే ఉన్న దుకాణంలో పంక్చర్లు వేస్తాడు. కూతురు రవళిని బోధన్‌లో ఇచ్చారు. మొత్తం మీద వాళ్ల సంసారం అంతే.

విమానం గొడవ ఎప్పుడో మొదలైంది. ఒకసారి హోటల్లో చాయ్ తాగుతుంటే టీవీలో విమానం దిగడం చూపించారు. చక్రాలు నేలను తాకగానే తెల్లటి పొగ లేచింది. చాయ్ తాగేవాళ్లెవరూ అది పట్టించుకోలేదు. దేవిదాస్ మాత్రం గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లారీ టైరు ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తేనే ఆ చోట అరిగి బట్టతలలా అవుతుంది. అంత పెద్ద ఇనుప ముద్ద అంత వేగంతో వచ్చి కూర్చుంటే ఆ రబ్బరు పగలకుండా ఎలా ఆగుతుంది? తాకే ముందు చక్రం తిరుగుతూ ఉంటుందా, ఆగి ఉంటుందా?

ఊళ్లో గల్ఫ్ పోయి వచ్చినవాళ్లకు కొదవ లేదు. బండికి గాలి కొట్టించుకోవడానికి ఆగిన ప్రతివాణ్నీ అడిగాడు. ఒకడు దిగేటప్పుడు దేవుణ్ని తలుచుకున్నానన్నాడు. ఇంకొకడికి నిద్ర పట్టిందట. విమానం ఎక్కినవాళ్లెవరూ దాని చక్రం చూడలేదు. దేవిదాస్‌కూ ఒకప్పుడు ఎక్కే అవకాశం వచ్చింది. వీసా వచ్చింది, బొంబాయి దాకా పోయాడు. అక్కడ ఛాతీ ఫోటోలో ఏదో పాత మచ్చ కనిపించిందని వెనక్కి పంపారు. ఆ మచ్చ ఎప్పుడు పడిందో ఆయనకే తెలియదు. తిరిగొచ్చిన మర్నాడే దుకాణం తెరిచాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. చక్రం విషయం మాత్రం వదల్లేదు. చివరికి సావిత్రమ్మకే విసుగొచ్చింది.

"ఇన్నేండ్ల సంది అదే ముచ్చట. ఒక్కపారి పోయి చూసొద్దాం పా. నా చెవులన్న బాగుపడ్తయి," అంది.

భిక్యా ట్రాక్టర్ కదిలి పోయాక దేవిదాస్ చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఎల్లారెడ్డి, మెదక్ మీదుగా పోయే బస్సు మంచులోంచి పసుపు లైట్లతో వచ్చింది. కండక్టర్ దగ్గర సావిత్రమ్మ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. "ఆడోళ్లకు ఫ్రీ. నీకే దండుగ," అని కిటికీ పక్క సీటు తనే పట్టుకుంది. కొంచెం దూరం పోయాక ఆ సీటు ఆయనకే ఇచ్చేసింది, ఎందుకంటే ఆయన ఆమె మీది నుంచి వంగి వంగి ఎదురొచ్చే లారీల టైర్లు చూస్తున్నాడు. ఇది లోపలి వైపు అరిగింది, దానికి గాలి ఎక్కువైంది, అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. ఆమె వేళ్లు ఒళ్లో ఖాళీగా ఉండలేక, లేని ఆకును చుడుతున్నాయి.

రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి విమానాశ్రయం వెనక గోడ దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఎత్తైన గోడ, దాని మీద ముళ్ల తీగ. ఆటో దిగి నాలుగు అడుగులు వేశారో లేదో వెనక నుంచి చప్పుడు వచ్చింది. ముందు గాలి కదిలినట్టు, తర్వాత చెవులు నిండిపోయేట్టు. సావిత్రమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చుండిపోయింది. దేవిదాస్ మెడ వెనక్కి వాల్చి చూశాడు. తెల్లటి పొట్ట, చాపిన కాళ్లు, కాళ్లకు చక్రాలు. క్షణంలో నెత్తి మీంచి దాటి గోడ అవతల మాయమైంది.

"తిరుగుతలేవు," అన్నాడు.

"ఏంది?"

"చక్రాలు. ఆగి ఉన్నయి. నా కండ్లతోని చూసిన, సావిత్రీ. ఆగే ఉన్నయి."

ఆమె కొంగు తీసి ఆయన మొహం చూసింది. ఆ మొహం అలా వెలగడం ఆమె చూసి చాలా కాలమైంది.

కానీ నేలను తాకేది గోడ వెనక. సందు ఏమైనా ఉందేమోనని గోడ వెంట పోతుంటే లోపలి నుంచి కాపలావాడు ఈల వేసి, పొమ్మని చెయ్యి ఊపాడు. దేవిదాస్ వెనక్కి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. సగం మాత్రమే చూసి తిరిగిపోవాలి. ఏమీ చూడకుండా పోయినదానికన్నా అదే బాధగా అనిపించింది.

సావిత్రమ్మే గుట్ట చూపించింది. రోడ్డుకు ఇవతల, బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుట్ట. పైన రాయి మీద గొడుగు వేసుకుని ఒకామె కూర్చుని ఉంది, చేతిలో మూరెడు పొడుగు కెమెరా. "ఆమె ఎక్కింది గద. మనం ఎక్కలేమా?"

ఎక్కారు. దేవిదాస్ సగంలో ఆగాడు, ఎడమ భుజం నొక్కుకున్నాడు. పొద్దున ట్రాక్టర్ టైరు ఊడదీసినందుకు అనుకున్నాడు. సావిత్రమ్మ పైనుంచి చెయ్యి అందించింది. ఇంకోసారి ఆగాడు. తర్వాత పైకి చేరాడు.

కెమెరా ఆమె పేరు సింధుజ. నలభై దాటినట్టుంది, బ్యాంకులో పనిచేస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడికొచ్చి విమానాల ఫోటోలు తీస్తుందట. "ఇంట్లో వాళ్లు నవ్వుతారు. పిచ్చి అంటారు," అంది నవ్వుతూ.

"మా ఇంట్ల గూడ ఒక పిచ్చాయన ఉన్నడు," అంది సావిత్రమ్మ, రొట్టెల మూట విప్పుతూ. "కూసో బిడ్డా, తిను. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం."

దేవిదాస్ రొట్టె ముట్టలేదు. ఆయన ఎదుట పొడుగ్గా, బూడిద రంగులో రన్‌వే మొత్తం పరుచుకుని ఉంది. దాని ఒక కొసన నల్లటి చారలు, ఒకదాని మీద ఒకటి. అవి ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రబ్బరు.

"మేడం, చక్రం భూమికి తాకేది ఇక్కడికెల్లి అవుపడ్తదా?"

సింధుజ రన్‌వే వైపు చూసింది. "అంకుల్, నేను ఎప్పుడూ తోకలే చూస్తా, రంగులు. చక్రాలు ఎప్పుడూ గమనించలేదు. ఉండండి." కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద బిగించి, చారల వైపు తిప్పి, ఆయన కన్ను అద్దానికి ఆనించుకోమంది.

కాసేపు ఎండలో ఊగే గాలి తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత అద్దంలోకి విమానం వచ్చింది. నేలకు జానెడు ఎత్తున తేలుతూ, దిగాలా వద్దా అన్నట్టు కొంతసేపు అలాగే పోయింది. ఆగిన చక్రం నేలను తాకింది. పొగ. పొగలోంచి బయటికి వచ్చేసరికి చక్రం తిరుగుతోంది.

దేవిదాస్ కన్ను తీయలేదు. మరొకటి దిగేదాకా, ఆ తర్వాత ఇంకొకటి దిగేదాకా అలాగే వంగి ఉన్నాడు. పొగ ప్రతిసారీ ఒకలా లేదు. కొన్ని విమానాలు మెత్తగా కూర్చున్నాయి, కొన్ని ఎగిరి పడ్డాయి. మధ్యలో సింధుజ ఫోన్‌లో వెతికి ఏవో చదివి చెప్పింది. ఆ టైర్లలో నింపేది మామూలు గాలి కాదని, నైట్రోజన్ అని. అరిగాక పారేయరని, పైన కొత్త రబ్బరు ఎక్కించి మళ్లీ మళ్లీ వాడతారని.

దేవిదాస్ తల తిప్పాడు. "రబ్బర్ ఎక్కిస్తరా? లారీలకు ఎక్కించినట్టు?"

"అలాగే ఉంది ఇందులో."

ఆయన సావిత్రమ్మ వైపు చూశాడు. ఆమె నవ్వింది. "ఇంటున్న."

దేవిదాస్ మొహమాటంగా అడిగాడు. "ఒక్క మాట మేడం. నా ఆలోచన తప్పు గావచ్చు. పైన గాలిల ఉండంగనే చక్రాన్ని తిప్పుకుంటె, తాకినప్పుడు గింత రబ్బరు కాలది గద? ఎందుకు తిప్పరు?"

"నాకు తెలియదు అంకుల్," అని ఆమె మళ్లీ ఫోన్ తీసింది. ఈసారి ఎక్కువసేపు చదివింది. "మీకొచ్చిన ఆలోచన చాలామందికి వచ్చిందట. చిన్న మోటారు పెట్టి తిప్పుదామనుకున్నారట. కానీ ఆ మోటారు బరువు ఎప్పుడూ మోసుకు తిరగడం కన్నా, రబ్బరు పోవడమే మేలని వదిలేశారట."

దేవిదాస్ బండ మీద కూర్చుండిపోయాడు. ఎక్కడో, ఏ దేశంలోనో, పేరు తెలియని ఎవరో, తను దుకాణంలో కూర్చుని ఆలోచించిన మాటే ఆలోచించారు. లెక్కలు వేశారు. వద్దనుకున్నారు. ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తితే జనం మొహం తిప్పుకునేవాళ్లు.

"బరువు," అన్నాడు మెల్లగా. "అవ్. గది నాకు తట్టలే."

అప్పుడు రొట్టె తిన్నాడు. ముగ్గురూ గొడుగు నీడలో ఇరుక్కుని కూర్చుని, పొద్దు వాలేదాకా చూశారు. సావిత్రమ్మకు నీలి తోకవి నచ్చాయి. ఒకటి పైకి లేచి ఎండలో తళుక్కుమని మలుపు తిరిగితే, "గిది మన ఊరి మీదికెల్లి పోతదా?" అని అడిగింది. పోవచ్చు అంది సింధుజ.

తిరుగు బస్సులో ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడేమోనని ఆమె మోచేత్తో పొడిచింది.

"ఇగ అయిపాయెనా నీ ఫికర్? మనసు చల్లవడ్డదా?"

"అయింది," అన్నాడు. "గానీ సావిత్రీ, లేసేటప్పుడు చక్రం గిర్రున తిరుగుతుంటది గద. అట్ల తిరిగేదాన్ని కడుపులకు ఎట్ల మలుసుకుంటది? ఎవలు ఆపుతరు?"

ఆమె నెత్తి కొట్టుకుంది. తర్వాత ఆయన భుజానికి తల ఆనించింది. "ఎండకాలం పోనీ. మళ్ల పోదాం."

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే దుకాణం తెరిచాడు. మొదట వచ్చింది మంగ్యా, నస్రుల్లాబాద్ నుంచి పాలు తెచ్చి పోసేవాడు. అతని మోపెడ్ వెనక చక్రంలో గాలి లేదు. దేవిదాస్ ట్యూబు విప్పి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతూ నిన్నటి సంగతంతా చెప్పాడు. బుడగలు లేచిన చోటు పట్టుకుని, ట్యూబు తుడిచి, ఆ చోట గుర్తు పెట్టాడు. "విమానంకు గూడ రబ్బర్ ఎక్కిస్తరు తెల్సా," అన్నాడు. తర్వాత "జర ఆగు" అని గోడకు ఆనుకున్నాడు.

మంగ్యా ఆగాడు. మిగతా కథ గుర్తు తెచ్చుకుంటున్నాడేమో అనుకున్నాడు. దేవిదాస్ కళ్లు రోడ్డు వైపే ఉన్నాయి. ఒక లారీ వచ్చి, దాటి పోయింది. ఆ కళ్లు దాని వెంట పోలేదు.

ఇంటి ముందు బీడీలు చుడుతున్న సావిత్రమ్మ, పక్కన మాట ఆగిపోవడం గమనించి, ఆకు చేతిలోనే పట్టుకుని లేచి వచ్చింది.

మంగ్యా ఆ రోజు మోపెడ్‌ను చేత్తో నెట్టుకుంటూ పోయాడు. ట్యూబు అడగడానికి మళ్లీ రాలేదు. రవళి వచ్చింది, చుట్టాలు వచ్చారు, దినాలు అయ్యాయి, అందరూ పోయారు. ఒక పొద్దున సావిత్రమ్మ షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లింది. చీపురు పట్టుకుని కొంతసేపు నిలబడింది. ఊడవలేదు.

కంప్రెసర్ పిడికి మోపెడ్ ట్యూబు వేలాడుతోంది. గాలి దిగి మెత్తబడిన ఆ నల్ల రబ్బరు మీద, కంటికి ఆనని రంధ్రం చుట్టూ, సుద్దముక్కతో గీసిన చిన్న తెల్లని సున్నా ఇంకా చెరగలేదు.